ఇవాళే అమ్మక్కర్లేని ద్రాక్ష

ఈ సంవాదంలో ఇద్దరికీ ద్రాక్ష తెలుసు. మామయ్య గుంటూరు జిల్లా నుంచి వచ్చి, హైదరాబాద్ శివార్లలో మేడ్చల్ వైపు అనాబెషాహీ పందిళ్ళు వేసి, తర్వాత థాంప్సన్ రకానికి మారి, చివరికి తోట తీసేసిన రైతు. మేనల్లుడు ఇటలీలో, టూరిన్ నగరంలో ఇంజనీరు. కోతల కాలం వస్తే సెలవు పెట్టి, అక్కడికి గంట దాటిన ప్రయాణంలో ఉండే లాంగె కొండల్లో ఒక స్నేహితుడి కుటుంబం తోటకి పనికి వెళ్తాడు. బరోలో అనే ఎర్ర వైన్ పుట్టేది ఆ కొండల్లోనే. మామయ్య జన్మలో మందు ముట్టలేదు. అయితే వైన్ గురించి గొంతు పెంచేవాళ్ళలో చాలామందికి తీగ కత్తిరించటం రాదు కాబట్టి, ఆయన అర్హతని నేను శంకించలేదు. మధ్యలో కూచుని విన్నది రాస్తున్నాను.

మామయ్య: పండబోయే గుత్తుల్ని కత్తిరించి నేల మీద పారేస్తారా? మళ్ళీ చెప్పు, నాకు సరిగ్గా వినపడలేదేమో.

అల్లుడు: సరిగ్గానే వినపడింది. జులై ఆఖర్లోనో ఆగస్టు మొదట్లోనో, కాయ రంగు తిరిగే వేళకి. తీగకి పది పన్నెండు గుత్తులుంటే ఆరేడు ఉంచుతారు. మిగతావి వరసల మధ్య పడి ఎండకి వాడిపోతుంటాయి. నడుస్తుంటే బూట్ల కింద చిట్లుతుంటాయి.

మామయ్య: మా నాన్న చూసుంటే ఆ పూట అన్నం మానేసేవాడు. నేను అనాబెషాహీలో ఎకరానికి ఇరవై టన్నులు తీసినవాణ్ణిరా. పందిరి రాళ్ళు ఒరుగుతాయేమోనని రాత్రిళ్ళు నిద్ర పట్టేది కాదు.

అల్లుడు: బరోలోలో హెక్టారుకి ఎనిమిది టన్నులు దాటకూడదని చట్టం. ఎకరం లెక్కన మూడు టన్నుల పైచిలుకు. దాటితే ఆ పేరు పెట్టుకోనివ్వరు.

మామయ్య: మూడు టన్నులకి మాకు మందుల ఖర్చు కూడా రాదు.

అల్లుడు: నువ్వూ గుత్తులు పలచన చేసేవాడివిగా, కూలీల చేత కత్తెర పట్టించి?

మామయ్య: అది కాయ ఊరటానికి. గుత్తిలో సగం కాయలు తీసేసి, మిగతా గుత్తిని జీఏ హార్మోను కలిపిన నీళ్ళలో ముంచితే ఒక్కో కాయ బొటనవేలి కణుపంత అయ్యేది. దానికే ధర. మీరు తీసేదెందుకు?

అల్లుడు: కాయ ఊరకుండా ఉండటానికే. నల్ల ద్రాక్ష అయినా సరే, పిండితే వచ్చే రసానికి రంగుండదు మామయ్యా. ఎరుపంతా తొక్కలోనే. నోట్లో పట్టే వగరు తొక్కలోనూ గింజలోనూ ఉంటుంది. కాయ చిన్నదైతే రసం పాలు తగ్గి తొక్క పాలు పెరుగుతుంది. అక్కడ పండించే నెబ్బియోలో అనే రకానికి రంగు తక్కువ, వగరు మాత్రం విపరీతం. అన్నిటికంటే ముందు చిగురేస్తుంది, అన్నిటికంటే ఆలస్యంగా పండుతుంది. ఎక్కువ గుత్తులు మోయిస్తే చలి వచ్చేలోగా ఒక్కటీ సరిగ్గా పండదు. అందుకని కొండ వాలులో దక్షిణం ముఖంగా ఉన్న భాగమే దానికిస్తారు. చలికాలం చివర మంచు ఎక్కడ ముందు కరుగుతుందో పాతకాలం వాళ్ళు గుర్తుపెట్టుకుని, అక్కడ నాటేవాళ్ళట. కింది భాగాల్లో దోల్చెత్తో, బార్బెరా రకాలు. ఇంకా చల్లగా ఉండే పక్కల హేజెల్‌నట్ చెట్లు. న్యూటెల్లా చేసే ఫెరెరో కంపెనీ పుట్టిన ఆల్బా పట్నం ఆ పక్కనే.

మామయ్య: తీగ ఎలా పాకిస్తారు? పందిరా?

అల్లుడు: పందిరి కాదు, వరసకి తీగలు లాగి నిలువుగా. చలికాలంలో ఆకు రాలిపోయాక ఒక్కో మొక్కకి ఒక్క పొడుగాటి కొమ్మ ఉంచుతారు, ఎనిమిది పది కన్నులతో. దాన్ని వంచి కింది తీగకి కడతారు. పక్కనే వచ్చే ఏటి కోసం రెండు కన్నుల మోటు ఒకటి. మిగతాదంతా కోసేస్తారు.

మామయ్య: అంత పొడుగెందుకు ఉంచుతారో తెలుసా నీకు?

అల్లుడు: నెబ్బియోలోలో మొదటి రెండు మూడు కన్నులు గొడ్డువి. చిగురొస్తుంది, గుత్తి రాదు.

మామయ్య: థాంప్సన్ కూడా అంతే! కురచగా కత్తిరిస్తే ఆకు తప్ప కాయ చూడవు. మాకు దానికి రెండు కత్తిరింపులు. ఏప్రిల్‌లో కట్టె కోసం ఒకటి, అక్టోబరులో కాయ కోసం ఒకటి. ఇక్కడ చలి చాలదు, తీగ నిద్రపోదు. మనమే కత్తెరతో నిద్రపుచ్చి, మనమే లేపాలి.

(ఇక్కడ ఓ పావుగంట వాదం ఆగిపోయింది. మోటు ఎంత ఉంచాలి, కోత కన్ను పైన ఎంత ఎడంగా ఉండాలి అని ఇద్దరూ టీపాయ్ మీద అగ్గిపుల్లలు పేర్చి చూసుకున్నారు. నేను కాఫీ కలుపుకుని వచ్చేసరికి మళ్ళీ మొదలైంది.)

అల్లుడు: ఈ పనంతా ఇంటివాళ్ళే చూసుకుంటారు కాబట్టే ఆ వైన్ అలా ఉంటుందని నా వాదం. కత్తిరించేదీ, కోసేదీ, పులియబెట్టేదీ, సీసాలో పోసేదీ ఒకే ఇల్లు. ఏ మూల తీగ ఎలా కాస్తుందో తాత చెబితే మనవడికి తెలుస్తుంది.

మామయ్య: తాత చెప్పిందంతా మంచిదేనంటావా? ఆ రంపం కథ పోయిన సంక్రాంతికి నువ్వే చెప్పావు.

అల్లుడు: ఎలియో ఆల్తారే కథ.

మామయ్య: అదే. పూర్తిగా చెప్పు, వీళ్ళూ వింటారు.

అల్లుడు: లా మొర్రా అనే ఊరి మనిషి. 1976లో ఫ్రాన్స్‌లో బుర్గుండీ వెళ్ళి చూశాడు. అక్కడ తనలాంటి చిన్న రైతులే తమ పేరుతో వైన్ అమ్ముకుని దర్జాగా బతుకుతున్నారు. ఇక్కడ తండ్రి ఏమో ఏళ్ళ తరబడి వాడిన పెద్ద పెద్ద పీపాల్లో పాత పద్ధతినే చేస్తున్నాడు. దిగుబడి తగ్గిద్దామన్నాడు, కొత్త పీపాలు కొందామన్నాడు. తండ్రి ఒప్పుకోలేదు. 1983లో కొడుకు రంపపు యంత్రం తెచ్చి ఆ పీపాల్ని ముక్కలు చేశాడు. తండ్రి ఆస్తి రాయకుండానే పోయాడు. తోబుట్టువుల దగ్గర తన తోట తనే కొనుక్కోవాల్సి వచ్చింది ఎలియోకి.

మామయ్య: మరి? ఆ కొడుకు తండ్రి మాట వినుంటే ఆ ఇంటి పేరు నీదాకా వచ్చేదా? కుటుంబం వల్ల మంచి వైన్ రాలేదురా, కుటుంబాన్ని ఎదిరిస్తే వచ్చింది. ఇంకోటి చెప్పు. వాళ్ళు బూజు తెగులుకి ఏం కొడతారు?

అల్లుడు: బోర్డో మిశ్రమమే. బూడిద తెగులుకి గంధకం. రాగి నేలలో పేరుకుంటుందని ఐరోపా సంఘం హద్దు పెట్టింది, ఏడేళ్ళలో హెక్టారుకి 28 కిలోలు దాటకూడదు.

మామయ్య: ఆ మిశ్రమం ఏ తాత చెప్పాడు? ఫ్రాన్స్‌లో బోర్డో ప్రాంతంలో బాటపక్క తోటవాళ్ళు, పోయేవాళ్ళు కాయ కోసుకు తింటున్నారని మైలుతుత్తం, సున్నం కలిపి చల్లేవాళ్ళు. నీలంగా కనపడితే విషమనుకుని ముట్టరని. 1882లో మిలార్డే అనే ప్రొఫెసర్ అటు నడిచి వెళ్తూ, ఆ బాటపక్క తీగలకే బూజు పట్టలేదని చూశాడు. 1885లో లోకానికి చెప్పాడు. రాజేంద్రనగర్ శిక్షణలో మాకు చెప్పిన పాఠం ఇది, ఇప్పటికీ మర్చిపోలేదు. ఇక వేరు సంగతి. ఫిల్లాక్సెరా పురుగు ఐరోపా తోటల్ని తినేస్తే అమెరికా తీగ వేరు మీద అంటు కట్టి బతికించుకున్నారు. మేం ఉప్పు నీళ్ళకి తట్టుకోవటానికి డాగ్‌రిడ్జ్ మీద కట్టాం, అదీ అమెరికాదే. వేరు అమెరికాది, మందు ప్రొఫెసరుది, పేరు మాత్రం కుటుంబానిదా?

అల్లుడు: సరే, దానికి జవాబు బార్తోలో మస్కరెల్లో. బరోలో ఊళ్ళోనే ఉండేవాడు, 2005లో పోయాడు. ఐదు హెక్టార్ల ఇల్లు. చుట్టుపక్కల వాళ్ళందరూ ఆల్తారే దారి పట్టి, ఫ్రాన్స్ నుంచి 225 లీటర్ల చిన్న కొత్త పీపాలు తెచ్చుకుంటుంటే ఆయన ఒక్కటి కూడా ఇంట్లోకి రానివ్వలేదు. చిన్న పీపాలో వైన్‌కి చెక్క ఎక్కువ తగులుతుంది. వెనిలా వాసన వస్తుంది, వగరు తొందరగా మెత్తబడుతుంది, కుర్రాళ్ళకీ అమెరికా పత్రికలకీ నచ్చుతుంది. ఆయనవి వేల లీటర్లు పట్టే పాత ఓక్ పీపాలు. వాటికి వాసన ఇచ్చే వయసు ఎప్పుడో దాటిపోయింది, గాలి మాత్రం కొద్దికొద్దిగా పోనిస్తాయి. నాలుగు చోట్ల ఉన్న తోటల కాయని కలిపే చేసేవాడు. వేరువేరుగా సీసాల్లో పోసి తోట పేరు వేస్తే ఎక్కువ ధర వస్తుందని అందరూ చెప్పినా వినలేదు. చివరి ఏళ్ళలో చక్రాల కుర్చీలో కూచుని లేబుళ్ళు తన చేత్తో రంగులేసి గీసేవాడు. ఒకదాని మీద చిన్న పీపా వద్దు, బెర్లుస్కోనీ వద్దు అని రాశాడు, బెర్లుస్కోనీ అంటే అక్కడి రాజకీయ నాయకుడు. ఇప్పుడు కూతురు మరియా తెరెసా అదే పద్ధతిలో చేస్తోంది. ఒకప్పుడు నవ్విన ఊళ్ళో చాలామంది మళ్ళీ పెద్ద పీపాలకి వచ్చారు.

మామయ్య: మొండిఘటం. నాకు నచ్చాడు. అయినా ఆ రంపం కొట్టినవాడు గుత్తులు తగ్గించమన్నాడే, దాన్ని ఈయన పీపాల వాళ్ళు కూడా పట్టుకున్నారా లేదా?

అల్లుడు: పట్టుకున్నారు. పీపాలు శుభ్రంగా ఉంచటం కూడా.

మామయ్య: అదీ నేననేది. సరే, కోసిన కాయని ఏం చేస్తారో చెప్పు. అసలు పని అక్కడ కదా.

(ఇక్కడ నుంచి కాసేపు అల్లుడే మాట్లాడాడు. ఎదటివాడు ఇంతసేపు మాట్లాడితే మామయ్య అడ్డు రాకపోవటం నేను ఇదే చూడటం.)

అల్లుడు: ఒకప్పుడు అక్టోబరు చివర్లో కోసేవాళ్ళు, ఇప్పుడు ఎండలు ముదిరి అంతకంటే ముందే అయిపోతోంది. చేత్తోనే కోత. గుత్తి కాడ దగ్గర తుంచి చిన్న ప్లాస్టిక్ పెట్టెల్లో ఒక వరసగా పెడతారు, కింద కాయ నలక్కూడదని. ఇంటికి తెచ్చి తొడిమలు వేరుచేసే యంత్రంలో పోస్తారు. చిట్లిన కాయలు తొక్కతో, గింజతో సహా సిమెంటు తొట్టిలోకి వెళ్తాయి. రెండో రోజుకో మూడో రోజుకో పులియటం మొదలవుతుంది. లోపలున్న చక్కెరని ఈస్ట్ తినేస్తూ సారాయి, బొగ్గుపులుసు వాయువు వదుల్తుంది. ఆ వాయువు తొక్కల్ని పైకి నెట్టేస్తుంది. మోకాలి ఎత్తు తొక్కల మెత్త రసం మీద తేలుతుంది. దాన్ని అలాగే వదిలేస్తే పైన ఎండి, ఈగ వాలి, పుల్లబడిపోతుంది. అందుకని రోజుకి రెండుసార్లు కింద నుంచి రసం తోడి పైన పోస్తాం.

మామయ్య: ఆవకాయ మూడో రోజు తిరగేసినట్టు.

అల్లుడు: అలాంటిదే. కాకపోతే జాడీలో తల పెడితే ఎవరూ చావరు. ఇక్కడ తొట్టి అంచున తొంగిచూస్తేనే ముక్కు కాలుతుంది. మనిషి లోపలికి దిగితే ఊపిరాడదు, ప్రాణాలు పోయినవాళ్ళున్నారు. మా స్నేహితుడి ఇంట్లో తోడిపోత వారం పది రోజులు. చక్కెర దాదాపు అయిపోయాక, తొట్టిలో చెక్క పలకలు అడ్డంగా బిగించి తొక్కల్ని రసం కిందకి ముంచేస్తారు. అలా మొత్తం ముప్ఫై రోజులు, ఒక్కో ఏడాది ఇంకా ఎక్కువ. ఆల్తారే దారివాళ్ళు తిరిగే తొట్టెలు పెట్టి నాలుగైదు రోజుల్లో ముగించేవాళ్ళు. ముప్ఫై రోజుల తర్వాత రుచి చూస్తే నాలుక గరగరలాడిపోతుంది, తాగలేం. తర్వాత ఇంకో మార్పు ఉంది. పచ్చి ఆపిల్‌లో ఉండే ఆమ్లాన్ని బాక్టీరియా పెరుగులో ఉండే ఆమ్లంగా మారుస్తుంది. పులుపు నెమ్మదిస్తుంది. అప్పుడు పెద్ద పీపాలోకి.

మామయ్య: పీపాలో ఎన్నాళ్ళు?

అల్లుడు: కోసిన ఏడాది నవంబరు 1 నుంచి లెక్కపెట్టి 38 నెలలు దాటకుండా అమ్మకూడదు. అందులో 18 నెలలు చెక్కలో ఉండాలి. రిజెర్వా అని రాయాలంటే 62 నెలలు. 2020లో కోసింది 2024 జనవరిలో గానీ బయటకి రాలేదు.

మామయ్య: మూడేళ్ళకి పైన! వడ్డీ ఎవరు కడతారు? కోతకూలి ఎవరిస్తారు? పిల్లల ఫీజులో?

అల్లుడు: దోల్చెత్తో ఉంది కదా, కొండ కింది భాగంలోది. అది ఆర్నెల్లలో సీసాలోకి వెళ్తుంది, వచ్చే ఎండాకాలానికి అమ్ముడైపోతుంది. ఇల్లు నడిచేది దాని మీద. పెద్ద వైన్‌కి అన్నం పెట్టేది చిన్న వైనే. ఇవాళ అమ్మే పాత సీసా డబ్బుతో ఇవాళ్టి కాయ కూలి కడతారు. గొలుసు మొదలవటమే కష్టం.

మామయ్య: మొదలెలా పెట్టారు మరి? ఆ కొండల్లో బాగా కలిగినవాళ్ళేనా?

అల్లుడు: దరిద్రం మామయ్యా. ఫెనోల్యో అనే రచయిత 1954లో ‘లా మలోరా’ అని నవల రాశాడు, ఆ కొండల్లో పాలేరుగా వెళ్ళిన కుర్రాడి కథ. యుద్ధం తర్వాత కుర్రాళ్ళంతా టూరిన్‌లో ఫియట్ కార్ఖానాకీ, ఆల్బాలో ఫెరెరోకీ వెళ్ళిపోయారు. ఉన్నవాళ్ళు కాయ కోసి ఆల్బా సంతకి తోలుకెళ్ళేవాళ్ళు. వ్యాపారులు సాయంత్రం దాకా ధర తేల్చేవాళ్ళు కాదు. చీకటి పడేవేళకి కాయ కారటం మొదలైతే చెప్పిన ధరకి ఇచ్చి రావాల్సిందే.

మామయ్య: గడ్డిఅన్నారం.

అల్లుడు: ఏంటి?

మామయ్య: హైదరాబాద్ గడ్డిఅన్నారం పళ్ళ మార్కెట్ కథ చెబుతున్నావు నువ్వు. రాత్రి కోసి తెల్లారుజామున లారీ దించితే కమీషన్ ఏజెంటు తువ్వాలు కింద వేళ్ళు పట్టుకుని బేరం చేసేవాడు. పదింటికల్లా ఇచ్చెయ్యాలి. పదకొండింటికి అదే గుత్తికి సగం ధర. వెనక్కి తీసుకెళ్ళే మార్గం లేదు.

అల్లుడు: అందుకే చెబుతున్నాను. వైన్ అంటే ఇవాళే అమ్మక్కర్లేని ద్రాక్ష. కాయని సీసాలో పెట్టుకున్న రోజున దళారికి ఈ రైతు ఇవాళ రాను పొమ్మనగలిగాడు. ఆ ఇళ్ళు తమ పేరుతో సీసాలు వేయటం 1960ల తర్వాత పెరిగింది. 1966లో హద్దులూ నియమాలూ వచ్చాయి, 1980లో ఇంకా గట్టిపడ్డాయి. 1986లో ఇటలీలో కొందరు వ్యాపారులు చవక వైన్‌లో మిథనాల్ కలిపి ఇరవైమందికి పైగా చనిపోయారు. ఆ తర్వాత కొనేవాడు ఎవరి తోట, ఎవరు చేశారు అని అడగటం మొదలెట్టాడు.

మామయ్య: ఆగు. ఇప్పుడు నువ్వే ఒప్పుకున్నావు. చట్టం పేరుని కాపాడింది, సీసా కాయని కాపాడింది. మాకు ఈ రెండిట్లో ఏదుంది? అనాబెషాహీ తినే పండు, నాలుగో రోజుకి కుళ్ళుతుంది. మేడ్చల్ ద్రాక్ష అని పేరు ఎవడు కట్టాడు? మా ఇంట్లోనూ తాతా తండ్రీ ఉన్నారురా. మాకు లేనిది కుటుంబం కాదు.

అల్లుడు: చట్టం పేరిస్తుంది, ఓపిక ఇవ్వదు. 2002లో సెప్టెంబరులో వడగళ్ళు పడి ఆ కొండలు చితికిపోయాయి. చాలా ఇళ్ళు ఆ ఏడు బరోలో వేయలేదు. చేసింది తక్కువ పేరుతో తక్కువ ధరకి అమ్మేశారు. వాటాదారులకి లెక్క చెప్పాల్సిన కంపెనీ అయితే ఆ ఏడు ఊరుకుంటుందా?

మామయ్య: వడగళ్ళకి నేనూ ఊరుకున్నాను, అప్పు చేసి. అది గొప్పతనం కాదు, గతిలేకపోవటం. ఇప్పుడు ఆ భూమి ఎంతుంది?

అల్లుడు: మంచి వాలులో హెక్టారు పది లక్షల యూరోలు ఎప్పుడో దాటింది.

మామయ్య: అంటే ఎకరం నాలుగు కోట్ల పైమాట. మా వైపు కూడా ఆ లెక్కలోనే పలుకుతోంది, ప్లాట్లు కొట్టి. అక్కడ తోట ఉంటే రేటు, ఇక్కడ తోట తీసేస్తే రేటు. నీ కుటుంబాల్లో ఎవరూ అమ్ముకోలేదా?

అల్లుడు: అమ్ముకున్నారు. వియెట్టి అని పేరున్న ఇల్లు, 2016లో ఒక అమెరికా వ్యాపారికి అమ్మేసింది. అన్నదమ్ములు పంచుకోవాలంటే ఒకడి వాటాకి ఇంకొకడు డబ్బు కట్టలేడు. వైన్ అమ్మకం మీద అంత రాదు.

మామయ్య: చూడు మరి. ధర పెరిగింది మంచి వైన్ వల్ల, ఇల్లు చీలుతోంది ఆ ధర వల్ల. ఇంకో ప్రశ్న. ఇంటివాళ్ళే చేస్తారన్నావు. ఐదు హెక్టార్లు అంటే పన్నెండెకరాలు. కోతకి ఎంతమంది కావాలో నాకు తెలుసు. ఎవరొస్తారు?

అల్లుడు: ఉత్తర మాసిడోనియా నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్ళు, ఆఫ్రికా దేశాలవాళ్ళు.

మామయ్య: నేరుగా పిలుస్తారా, మేస్త్రీ ద్వారానా?

అల్లుడు: రెండూ ఉన్నాయి. 2024లో ఆల్బా చుట్టుపక్కల పోలీసులు మేస్త్రీలని పట్టుకున్నారు. చట్టం చెప్పినదాని కంటే బాగా తక్కువ ఇచ్చి పనిచేయించుకున్నారని కేసు. సిగ్గుపడాల్సిన విషయమే. నేను వెళ్ళే ఇంట్లో మాత్రం ఒక మాసిడోనియా పెద్దాయన చాలా ఏళ్ళుగా ఉన్నాడు. చలికాలం కత్తిరింపు అంతా ఆయనదే. ఏ కొమ్మ ఉంచాలో మా స్నేహితుడి నాన్న కూడా ఆయన్నే అడుగుతాడు.

మామయ్య: వాటా ఉందా ఆయనకి?

అల్లుడు: నెలజీతం. ఇల్లిచ్చారు.

మామయ్య: కత్తిరింపు వాడిది, పేరు వీళ్ళది. ఆయన పిల్లలేం చేస్తున్నారు?

అల్లుడు: కొడుకు కొంచెం భూమి కొనుక్కున్నాడు. కొండ కింద, నెబ్బియోలోకి పనికిరాని చోట. దోల్చెత్తో వేశాడు.

మామయ్య: వాడూ సీసాలు పోస్తాడా?

అల్లుడు: తొట్టెలు, పీపాలు కొనాలంటే డబ్బు కావాలిగా. కాయగానే అమ్మేస్తాడు, వైన్ చేసే ఇంకో ఇంటికి.

మామయ్య: కోసిన రోజే?

అల్లుడు: కోసిన రోజే.